ఇంట్లో మనిషి పోయినప్పుడు జీతం లెక్క: చిన్న వ్యాపారులకు సమగ్ర మార్గదర్శి

షాపులకు, క్లినిక్‌లకు, చిన్న వర్క్‌షాపులకు నెలనెలా జీతాల షీటు తయారుచేయడం నా పని. కొన్నేళ్ల కిందట ఒక బట్టల షాపులో సేల్స్ చూసే కుర్రాడి నాన్న నెల ఇరవై అయిదున పోయారు. అయిదో తారీకున జీతం పడింది, ఆరు రోజుల కోతతో. సరిగ్గా ఆ రోజే వాళ్లింట్లో పెద్దకర్మ. వంటవాళ్లకు, షామియానా వాళ్లకు ఇవ్వాల్సింది లెక్క చూసుకుంటుంటే ఫోనుకి మెసేజ్ వచ్చిందట. యజమాని చెడ్డవాడేం కాదు. దహనానికి స్వయంగా వెళ్లాడు, చేతిలో అయిదు వేలు పెట్టి వచ్చాడు. కోత సంగతి ఆయనకే తెలియదు. వేలిముద్ర యంత్రం ఆబ్సెంట్ అంది, షీటు దాన్ని ఎల్ఓపీగా, అంటే జీతం లేని సెలవుగా, తీసుకుంది, నేను చూసుకోకుండా పంపేశాను.

తర్వాతి నెల ఆ డబ్బు తిరిగి వేశాం. కానీ అతను ఆ మాట మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు. నా దగ్గరికి వచ్చే ప్రతి కొత్త యజమానికీ మొదటి రోజే చెప్పేది ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలోని చిన్న వ్యాపారాలను దృష్టిలో పెట్టుకుని రాసింది.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం

ప్రైవేటు ఉద్యోగి ఇంట్లో ఎవరైనా పోతే ఇన్ని రోజులు జీతంతో సెలవు ఇవ్వాలని చెప్పే కేంద్ర చట్టం మన దేశంలో లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలోనూ అలాంటి సెలవు లేదు. దీన్ని పట్టుకుని 'చట్టం లేదు కాబట్టి కోసేస్తాం' అనే వాళ్లున్నారు. అదీ తప్పే.

ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లోనూ 1988 నాటి షాపులు, సంస్థల చట్టం ఉంది. దాని ప్రకారం, అది వర్తించే సంస్థల్లో ఉద్యోగికి ఏడాదికి 12 రోజుల క్యాజువల్ లీవు ఉంటుంది. సహేతుకమైన ఏ కారణానికైనా వాడుకోవచ్చు. తండ్రి చావు కంటే సహేతుకమైన కారణం ఇంకేముంటుంది? ఇది కాక 12 రోజుల సిక్ లీవు, పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసిన వాళ్లకు మరుసటి ఏడాది 15 రోజుల జీతంతో కూడిన సెలవు (వాడుకలో ఈఎల్) ఉంటాయి. ఈఎల్ 60 రోజుల దాకా పోగేసుకోవచ్చు. అంటే మీరు ప్రత్యేకంగా ఏమీ ఇవ్వకపోయినా, ఖాతాలో సెలవులున్న మనిషికి కోత పెట్టే ముందు వాటిని వాడాలి.

ఇంకో సంగతి. 'ఒక రోజు రాకపోతే రెండు రోజుల జీతం కట్' అని గోడ మీద రాసుకునే షాపులు ఇప్పటికీ ఉన్నాయి. రాని రోజుల నిష్పత్తి మించి కోయకూడదని పాత జీతాల చెల్లింపు చట్టంలో ఉంది, ఇప్పటి వేతనాల కోడ్‌లోనూ ఉంది. చెప్పకుండా వెళ్లాడని చావింటికి వెళ్లినవాడికి డబుల్ కోత పెడితే అటు మనిషీ పని మానేసి పోతాడు, ఇటు చట్టం ముందూ మీరు నిలబడలేరు.

ఎన్ని రోజులు? మూడు అని రాసే ముందు ఆగండి

పెద్ద కంపెనీల పాలసీ కాగితాలు చూసి చాలామంది 'మూడు రోజులు' అని దించేస్తారు. ఆ మూడు మన ఇళ్లకు సరిపోదు. పోయిన రోజు, దహనం, మూడో రోజు చిన్నకర్మ, తర్వాత పదో రోజు, పదకొండో రోజు పెద్దకర్మ. కులాన్ని బట్టి, ఊరిని బట్టి రోజులు కొంచెం అటూ ఇటూ. తెలంగాణ పల్లెల్లో పిట్టకు పెట్టే రోజు వేరే ఉంటుంది. మన దగ్గర చావు సెలవు రెండు ముక్కలుగా వస్తుంది: మొదట మూడు నాలుగు రోజులు, మధ్యలో ఖాళీ, చివర మళ్లీ మూడు రోజులు. పాలసీ ఈ ఆకారంలో ఉంటే సగం గొడవలు ఉండవు.

కొరివి పెట్టిన కొడుకు సంగతి వేరు. చాలా ఇళ్లలో కర్త పదకొండు రోజులూ గడప దాటడు. అతన్ని మధ్యలో నాలుగు రోజులు కౌంటర్‌లో నిలబడమనడం కుదరదు. అదే ఇంట్లో రెండో కొడుకు నాలుగో రోజుకే డ్యూటీకి రావచ్చు. కాబట్టి అందరికీ ఒకే లెక్క వద్దు.

నేను సలహా ఇచ్చే పద్ధతి ఇది. తల్లి, తండ్రి, భర్త, భార్య, పిల్లలు పోతే జీతంతో 5 రోజులు, రెండు విడతలుగా వాడుకునే వీలుతో. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అత్తమామలు, తాత, అమ్మమ్మ, నాయనమ్మ అయితే 3 రోజులు. మేనమామ, బాబాయి, పెదనాన్న, మేనత్త వగైరాలకు 1 రోజు. వేరే ఊరు వెళ్లాల్సి వస్తే ప్రయాణానికి ఇంకో రోజు, శ్రీకాకుళం నుంచి వచ్చి హైదరాబాదులో పనిచేసేవాడికైనా, ఒడిశా నుంచి వచ్చిన కార్మికుడికైనా. బిహార్ వాడికి ఒకటి చాలదు, రెండు రాయండి. ఈ 5 రోజులూ వాళ్ల క్యాజువల్ లీవుకి అదనం. మిగతా రోజులకి వాళ్ల సొంత సెలవులు.

ఖర్చు ఎంత అని అడుగుతారు. పదిహేను మంది ఉన్న షాపులో ఏడాదికి ఇద్దరి ఇళ్లలో ఇలా జరిగిందనుకోండి. రోజుకి 500 జీతమైతే పది రోజులకు 5,000. దీపావళికి పంచే మిఠాయి డబ్బాల ఖర్చు ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

పెళ్లయిన కూతురికి మైల మూడు రోజులే అని శాస్త్రం చూపించి, ఆమెకు తక్కువ సెలవు ఇద్దామన్న ఒక యజమానిని చూశాను. మైల లెక్క పురోహితుడిది, సెలవు లెక్క మీది. రెంటినీ కలపొద్దు. తల్లిదండ్రులు పోతే కొడుకుకైనా కూతురికైనా ఒకటే రాయండి. ముస్లిం ఉద్యోగులకు, క్రైస్తవులకు ఈ పదకొండు రోజుల లెక్క వర్తించదు. అందుకే పాలసీలో 'పెద్దకర్మ' అని కాకుండా 'రెండు విడతలు, నలభై అయిదు రోజుల లోపు' అని రాయమంటాను. జ్ఞాపకార్థ కూడికకైనా, మరే కార్యానికైనా ఎవరికి కావాల్సిన రోజు వాళ్లు పెట్టుకుంటారు. భర్త పోయిన ముస్లిం మహిళ ఇద్దత్ (ఇంటి పట్టున ఉండే సంతాప కాలం) నాలుగు నెలల పది రోజులు. అంత కాలం జీతంతో సెలవు చిన్న షాపు ఇవ్వలేకపోవచ్చు. ఇంటి నుంచి చేయగల పని ఉంటే అది, లేకపోతే ఉద్యోగం అలాగే ఉంచి జీతం లేని సెలవు. ఏదైనా ముందే మాట్లాడి కాగితం మీద పెట్టండి.

మనిషి ఇంకా పోలేదు, ఐసీయూలో ఉన్నారు, డాక్టర్లు చెప్పేశారు. ఆ దశలో అడిగే సెలవు కూడా ఇందులోనే కలపండి. ఆఖరి చూపుకు వెళ్లడానికి లీవు లేదు, పోయాక మాత్రం ఉంది అంటే వినడానికే బాగోదు.

గర్భస్రావం అయితే ఈ ఖాతాలో రాయొద్దు

ఇక్కడ పొరపాట్లు ఎక్కువ. ఉద్యోగినికి గర్భం పోతే, చట్టం వర్తించే సంస్థల్లో ఆమెకు ఆరు వారాల జీతంతో సెలవు హక్కుగా ఉంది. ఈఎస్ఐలో (ఉద్యోగుల బీమా పథకం) ఉంటే ఆ డబ్బు ఈఎస్ఐ నుంచి వస్తుంది. దాన్ని మీ 5 రోజుల సెలవులో సర్దేస్తే ఆమెకు నష్టం, మీకు చిక్కు. కాన్పులో బిడ్డ చనిపోయి పుట్టినా ప్రసూతి ప్రయోజనాల విషయంలో అది కాన్పు కిందే లెక్క. ఆమె భర్త మీ దగ్గర పనిచేస్తుంటే అతనికి మాత్రం పైన చెప్పిన సెలవు ఇవ్వండి.

ఫోన్ వచ్చిన రోజు ఏం చేయాలి

సూపర్‌వైజర్‌కి ఫోన్ వస్తుంది, అతను 'సరే' అంటాడు, అకౌంట్స్‌కి చెప్పడం మర్చిపోతాడు. మొదట్లో చెప్పిన కోత అలా పడిందే. కాబట్టి ఒకటే నియమం పెట్టుకోండి: కబురు ఎవరికి అందినా అదే రోజు జీతాలు చూసే మనిషికి ఒక మెసేజ్ పెట్టాలి. పేరు, చుట్టరికం, పోయిన తేదీ. అంతే చాలు.

ఉద్యోగికి యజమాని పంపే మెసేజ్ ఇలా ఉంటే చాలు: 'ఇక్కడి పని మేం చూసుకుంటాం. అయిదు రోజులు జీతంతో సెలవు ఉంది, పెద్దకర్మ రోజుల్లో కూడా వాడుకోవచ్చు. లీవు లెటరు తర్వాత ఇవ్వొచ్చు. డబ్బు అవసరమైతే చెప్పు.' ఈ నాలుగు ముక్కలు వెళితే ఆ మనిషి జీతం గురించి టెన్షన్ పడడు.

రుజువు అడగాలా? మొదటి వారంలో డెత్ సర్టిఫికెట్ అడిగేవాళ్లకి ఒక మాట చెప్పాలి. మరణం నమోదు చేయించుకోవడానికే చట్టం 21 రోజుల గడువిచ్చింది. మూడో రోజు ఎవరి దగ్గరా ఆ కాగితం ఉండదు. నేను ఫైల్లో పెట్టుకునేది పెద్దకర్మకు అచ్చేసే ఆహ్వాన పత్రిక. దాంట్లో పేర్లు ఉంటాయి, తేదీలుంటాయి, చుట్టరికం ఉంటుంది. వాట్సాప్‌లో ఫొటో పంపితే చాలు. కార్డు కొట్టించని ఇళ్లలో తోటి ఉద్యోగి ఎవరైనా వెళ్లొచ్చాడంటే అదే రుజువు. ఒకే మనిషి ఉన్న ఒక్క నాయనమ్మని మూడుసార్లు చంపాడని జోకులేస్తుంటారు. అలాంటివాడు ఒకడుంటాడేమో, వాడి కోసం మిగతా అందరినీ దొంగల్లా చూడొద్దు.

హాజరు రిజిస్టరులో ఎలా రాయాలి

హాజరు పట్టీలో ఈ సెలవుకి వేరే గుర్తు పెట్టండి. ఎక్సెల్‌లో అయితే ఒక కొత్త కోడ్, సాఫ్ట్‌వేర్‌లో అయితే జీతంతో కూడిన కొత్త సెలవు రకం. క్యాజువల్ లీవు కింద రాసేస్తే వాళ్ల ఖాతాలో తగ్గిపోతుంది. ఉత్తి 'ప్రెజెంట్' అని వేస్తే, రేపు ఎవరైనా తనిఖీకి వస్తే ఊళ్లో లేని మనిషి షాపులో ఉన్నట్టు రికార్డు. జీతం చీటీ మీద 'ప్రత్యేక సెలవు' అని ఉంటే చాలు. అది బ్యాంకులో లోను కోసం చూపించే కాగితం, దాని మీద చావు అనే మాట ఎందుకు?

ముందు ఏ సెలవు వాడాలో వరస కూడా రాసి పెట్టుకోండి. మొదట ఈ ప్రత్యేక సెలవు, తర్వాత క్యాజువల్ లీవు, తర్వాత ఈఎల్, ఏదీ లేకపోతేనే ఎల్ఓపీ. సిక్ లీవు జోలికి వెళ్లొద్దు, తర్వాత నిజంగా జ్వరమొస్తే అవసరం. మధ్యలో పడే వీక్లీ ఆఫ్‌ని సెలవుగా లెక్కపెట్టొద్దు. అటూ ఇటూ సెలవులుంటే మధ్య ఆదివారం కూడా కోసేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది, కనీసం ఈ సెలవుకైనా దాన్ని పక్కన పెట్టండి. నెలంతా వచ్చినవాళ్లకి హాజరు బోనస్ ఇస్తుంటే ఈ రోజుల వల్ల అది పోకూడదు. కోత లేకుండా చూసి, 500 రూపాయల బోనస్ ఎగ్గొడితే అతని కళ్లకి అదే కోత.

లెక్క చేసి చూద్దాం

నెలకు 15,000 రూపాయలు, అంతా ఒకే మొత్తం జీతం, విడి అలవెన్సులు లేవు అనుకుందాం. కొరివి పెట్టిన కొడుకు. పదకొండు రోజులు రాలేదు, అందులో వీక్లీ ఆఫ్ ఒకటి. అంటే పని రోజులు 10. ప్రత్యేక సెలవు 5, ఖాతాలో మిగిలిన క్యాజువల్ లీవు 3, చేరి ఏడాది కాలేదు కాబట్టి ఈఎల్ లేదు. మిగిలింది 2 రోజుల ఎల్ఓపీ.

రోజు జీతం 30తో భాగిస్తే 500. రెండు రోజులకు 1,000 కోత, జీతం 14,000. పీఎఫ్ 12 శాతం అంటే 1,680. ఈఎస్ఐ ఉద్యోగి వాటా 0.75 శాతం, 105. చేతికి 12,215.

అదే కోత లేకుండా ఉంటే: పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 112 రూపాయల 50 పైసలు. ఈఎస్ఐలో పైసలొస్తే పై రూపాయికి తీసుకుంటారు కాబట్టి 113. చేతికి 13,087. తేడా 872 రూపాయలు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన షాపులో లాగా యంత్రం చెప్పిందే వేదమనుకుని పది రోజులూ కోస్తే జీతం 10,000. పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 75, చేతికి 8,725. ఇంట్లో కర్మ ఖర్చులున్న నెలలో నాలుగు వేల మూడు వందల అరవై రెండు తక్కువ.

భాగించే సంఖ్య గురించి ఒక మాట. కొందరు 30తో, కొందరు ఆ నెల రోజులతో, కొందరు 26తో భాగిస్తారు. 26 అయితే ఇదే జీతానికి రోజుకి 577 దాకా పడుతుంది. ఏదో ఒకటి ఎంచుకుని అందరికీ, అన్ని నెలలకీ అదే వాడండి. చేరేటప్పుడు ఒకటి, కోసేటప్పుడు ఇంకొకటి వాడితే ఉద్యోగి క్యాలిక్యులేటర్ తీసుకుని మీ టేబుల్ ముందుకొస్తాడు.

పీఎఫ్, ఈఎస్ఐ, వృత్తి పన్ను

పీఎఫ్ నెలవారీ ఈసీఆర్‌లో (పీఎఫ్ ఆఫీసుకి ఆన్‌లైన్‌లో పంపే లెక్క) ఎన్‌సీపీ డేస్ అని ఒక గడి ఉంటుంది. జీతం లేని రోజులు అందులో వేయాలి. మన ఉదాహరణలో అక్కడ 2 మాత్రమే వస్తుంది, 10 కాదు. జీతంతో ఇచ్చిన సెలవు ఎన్ని రోజులైనా అది పని చేసినట్టే, సున్నా. కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు 'రాలేదు కదా' అని 10 కొట్టేస్తే ఆ మనిషి పింఛను సర్వీసు లెక్కలో ఉత్త పుణ్యానికి ఎనిమిది రోజులు పోతాయి. ఏళ్ల తర్వాత బయటపడే తప్పు ఇది.

ఈఎస్ఐలో జీతం ఇచ్చిన రోజుల సంఖ్య వేయాలి, మన లెక్కలో 28. ఇక్కడ రోజులు ఎందుకు ముఖ్యమంటే, తర్వాత అతనికే జబ్బు చేసి సిక్‌నెస్ బెనిఫిట్ (జబ్బు రోజులకు ఈఎస్ఐ ఇచ్చే డబ్బు) అడిగితే ఒక కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లో, అంటే ఆరు నెలల్లో, 78 రోజులు ఉన్నాయా అని చూస్తారు. నెలంతా రాక జీతం సున్నా అయితే ఈఎస్ఐ పోర్టల్ కారణం అడుగుతుంది. 'సెలవులో ఉన్నారు' అని ఎంచుకోండి. తొందరలో 'ఉద్యోగం మానేశారు' నొక్కేస్తే తర్వాత ఆసుపత్రి కార్డు పనిచేయక అతను తిరగాల్సి వస్తుంది. రెండింటికీ గడువు మరుసటి నెల 15.

అన్నట్టు, ఈఎస్ఐ అంత్యక్రియల ఖర్చు 15,000 ఇస్తుందని విని తండ్రి చావుకి అడిగేవాళ్లున్నారు. అది బీమా ఉన్న ఉద్యోగి తానే చనిపోతే ఇచ్చేది. తల్లిదండ్రులకు రాదు.

వృత్తి పన్ను రెండు రాష్ట్రాల్లోనూ 15,000 దాకా లేదు, 15,001 నుంచి 20,000 దాకా 150, ఆపైన 200. ఇక్కడ చిన్న మెలిక. నెలకు 15,500 జీతమున్న మనిషికి ఒక్క రోజు ఎల్ఓపీ పడితే జీతం 15,000 లోపుకి దిగుతుంది, ఆ నెల పన్ను ఉండదు. ఎక్సెల్‌లో 150 అని చేత్తో కొట్టి పెట్టుకున్నవాళ్లు దాన్ని కోస్తూనే ఉంటారు. ఫార్ములా పెట్టుకోండి.

నెలాఖరులో వస్తే, అడ్వాన్స్ అడిగితే

జీతాల షీటు ఇరవై అయిదుకే మూసేసే చోట, ఇరవై ఆరున కబురొస్తే ఏం చేయాలి? ఆ నెల పూర్తి జీతం వేసేయండి. ఎన్ని సెలవులు, ఎంత ఎల్ఓపీ అనేది మనిషి తిరిగొచ్చాక కూర్చుని తేల్చి వచ్చే నెల సర్దండి. ఇంకా తేలని లెక్కకి ముందే కోత పెట్టడం మంచిది కాదు.

అడ్వాన్స్ అయితే ఆ రోజే ఇవ్వాలి, మర్నాడు కాదు. యూపీఐలో పంపితే రికార్డు ఉంటుంది. చేతికిస్తే వోచరు మీద తిరిగొచ్చాక సంతకం పెట్టించుకోండి. పాడె లేవకముందు కాగితాలు పట్టుకెళ్లొద్దు. ఊరికే ఇస్తున్న డబ్బా, అడ్వాన్సా అన్నది మాత్రం అప్పుడే స్పష్టంగా చెప్పండి. చేతిలో అయిదు వేలు పెట్టి, సాయమే అనుకున్నాక రెండో నెల కోస్తే మిగిలేది తిట్టే. తిరిగి కోసుకోవడం మూడు నాలుగు వాయిదాల్లో, మొదటి నెల వదిలేసి మొదలుపెట్టండి. అన్ని కోతలూ కలిపి జీతంలో 50 శాతం దాటకూడదని చట్టం ఉంది, కానీ అంత దూరం వెళ్లే అవసరమే రాకూడదు.

రోజుకూలీ మీద వచ్చేవాళ్లకి సెలవు అనే మాటే ఉండదు. రెండు రోజుల కూలి సాయంగా ఇచ్చి, వేరే పద్దులో రాసుకోండి. తిరిగొస్తే పని ఉంటుందని చెప్పండి. వాళ్ల అసలు భయం అదే.

తిరిగి వచ్చాక

మొదటి రోజు లీవు లెటరు తీసుకుని, పైన చెప్పిన వరసలో సెలవులు సర్ది, మిగిలిన బ్యాలెన్స్ ఎంతో అతనికి చూపించండి. ఆ వారంలోనే కాకపోయినా ఆ నెలలో ఒక పని తప్పకుండా చేయించండి: పీఎఫ్ నామినీ. పెళ్లికాని కుర్రాళ్లు చాలామంది నామినీగా అమ్మ పేరో నాన్న పేరో పెడతారు. ఆ మనిషే పోయాక నామినేషన్ అలాగే ఉండిపోతుంది. పీఎఫ్ పోర్టల్‌లో ఈ-నామినేషన్ మార్చుకోవడానికి పది నిమిషాలు పట్టదు. బ్యాంకు ఖాతాలోనూ, గ్రూపు ఆరోగ్య బీమాలోనూ ఇదే చూడమనండి.

మాసికాలకి, సంవత్సరీకానికి వేరే సెలవు అక్కర్లేదు, క్యాజువల్ లీవు సరిపోతుంది. కానీ సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది, నిరుడు జూన్ 4 అయితే ఈ ఏడు అదే తారీకు పడదు. రెండు నెలల ముందే పురోహితుణ్ణి అడిగి తేదీ చెప్పమనండి. పండగ సీజన్ డ్యూటీ చార్టు వేసేటప్పుడు ఆ రోజు అతని పేరు పక్కన ఖాళీగా ఉంచితే సరిపోతుంది.